అందరి కళ్ళూ పాము మీదే

నాగులచవితినాడు పొద్దున్నే పుట్టలో పాలు పోసి వచ్చినవాళ్ళే, ఆ రాత్రి మా హాల్లో కూర్చుని, "పాము పాలు తాగుతుందిటండీ! ఇంగ్లీషువాళ్ళకి ఈమాత్రం తెలీదూ?" అని పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. నేనూ పొద్దున్న గ్లాసెడు పాలు పోసి వచ్చినదాన్నే మరి. నవ్వినందుకు నాకు కోపం లేదు. ఆ నవ్వుతో మొదలైన చర్చ రాత్రి పదకొండున్నర దాకా నడిచింది. పాము దగ్గర మొదలై పాము దగ్గరే ఆగిపోయింది. ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని వెళ్ళిపోయారు. అంతసేపు మాట్లాడినవాళ్ళలో ఒక్కరి నోటా అసలు సంగతి రాలేదే అన్న మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. అంచేత నా వాదన ఇక్కడ పెడుతున్నాను. వినండి.

మాది కె.గంగవరం. అటు ద్రాక్షారామం, ఇటు కోటిపల్లి రేవు. రేవు దాటితే ముక్తేశ్వరం. కోనసీమ అంటే గౌతమికి అవతలిదేననీ, ఇవతలి ఒడ్డున ఉన్న మేము కోనసీమవాళ్ళమే కామనీ, అవతలివాళ్ళు పంటు మీద కూడా మమ్మల్ని దెప్పుతూ ఉంటారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు మమ్మల్నీ కోనసీమ జిల్లాలో కలిపారు కనక ఆ దెప్పుడు ఇప్పుడు కాస్త తగ్గింది. ఏ ఒడ్డున ఉన్నా పాములు మాత్రం అందరికీ సమానమే. కొబ్బరిమట్టల గుట్ట కదిపితే పాము, గడ్డివాము దగ్గర పాము, గోదారి పొంగితే గుమ్మంలో పాము. పాముల విషయంలో మా ఊరివాళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి గొడవంతా అందుకే వచ్చింది.

మా ఆడపడుచు కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం. చవితికి వచ్చాడు. "అత్తయ్యా, పాముల పండగ కదా, పాము కథ చూద్దాం" అని ఫోనుని టీవీకి తగిలించాడు. ఊరికి రెండు టీవీలున్న రోజుల్లో ఆదివారం సినిమాకి జనం చేరినట్టు చేరారు. పక్కింటి మావయ్యగారు (లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు), సందు మొగలో ఉండే ఆర్‌ఎంపీ డాక్టరుగారు, ఎదురింటి వదినగారు, ఆవిడ చెల్లెలు, మావారు, పిల్లలు. మూల మడతమంచం మీద మా చిన్నత్తగారు. ఆవిడ మా మావగారి చెల్లెలు. ఎనభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఈ ఇంట్లోనే పుట్టారు, ఈ ఇంట్లోనే ఉన్నారు. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన పాపానికి, ఎవరేమంటున్నారో తెలుగులో చెప్పే పని నా మెడకి తగిలించారు.

ఆ సీరియలు గ్రెనాడా టెలివిజన్‌వాళ్ళు తీసినది. షెర్లాక్ హోమ్స్‌గా జెరెమీ బ్రెట్ వేశాడు. మేము చూసిన భాగం ఇంగ్లండులో 1984 మే 29న వచ్చింది. కథ ఇంకా పాతది. ఆర్థర్ కానన్ డాయిల్ దాన్ని 1892లో అచ్చులోకి తెచ్చాడు. పేరు 'ది స్పెకిల్డ్ బ్యాండ్'. చచ్చిపోతూ ఒక పిల్ల అనే ఆఖరి మాటలు అవి. ఇంగ్లీషులో బ్యాండ్ అంటే పట్టీ అనీ అర్థమే, ముఠా అనీ అర్థమే. తోటలో గుడారాలు వేసిన జిప్సీల ముఠాయా, వాళ్ళు తలకి చుట్టుకునే చుక్కల రుమాళ్ళా అని హోమ్స్ అంతటివాడు కూడా మొదట తప్పుదోవ పడతాడు. మనకి ఆ తికమక ఎక్కడిది? ఒంటినిండా కట్లున్న పాముని కట్లపామని పిలుచుకునేవాళ్ళం. నేను "చుక్కల కట్టు" అని తెలుగు చేశానో లేదో, మాస్టారు "కట్లపామండీ!" అన్నారు. సస్పెన్సు అక్కడితో సరి.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. రాయ్‌లాట్ అనే డాక్టరు కలకత్తాలో ప్రాక్టీసు చేశాడు. అక్కడ కోపంలో ఇంట్లో పనిచేసే మనవాణ్ణి కొట్టి చంపి, జైలుకెళ్ళి, తిరిగి ఇంగ్లండు చేరాడు. (ఆ చచ్చిపోయిన మనవాడికి కథలో పేరు కూడా లేదు. మా హాల్లోనూ ఎవరూ అడగలేదు.) కలకత్తాలో ఉండగానే అతను ఒక వితంతువుని పెళ్ళాడాడు. ఆవిడకి కవల ఆడపిల్లలు, జూలియా, హెలెన్. ఆవిడ రైలు ప్రమాదంలో పోయింది. పిల్లలు సవతి తండ్రి దగ్గర పెరిగారు. జూలియాకి పెళ్ళి కుదిరింది. పెళ్ళి పదిహేను రోజులుందనగా రాత్రి గదిలో చచ్చిపోయింది. రెండేళ్ళకి హెలెన్‌కీ పెళ్ళి కుదిరింది. ఇంటికి మరమ్మతులని చెప్పి ఆమెని అక్క గదిలోకి మార్చారు. అక్క చెప్పిన ఈలే ఆమెకీ వినపడింది. తెల్లారగానే బయల్దేరి మొదటి రైలెక్కి హోమ్స్ దగ్గరికి పరిగెత్తింది. ఆ గదిలో నేలకి బిగించేసిన మంచం, దాని మీదికి వేలాడే ఉత్తుత్తి గంటతాడు, పైన పక్కగదిలోకి కన్నం. పక్కగదిలో డాక్టరుగారి ఇనప్పెట్టె, దాని మీద పాల గిన్నె. రాత్రి పాము దిగుతుంది. చీకట్లో కాచుకున్న హోమ్స్ బెత్తంతో కొడతాడు. అది వెనక్కి వెళ్ళి పెంచినవాణ్ణే కాటేస్తుంది.

అయింది. లైట్లు వేశారు. పకోడీలు తెచ్చాను. అభిప్రాయాలు మొదలయ్యాయి.

"పాముకి చెవులే లేవు, ఈలవేస్తే ఎలా వస్తుందండీ?" అని మాస్టారు. "పది సెకన్లలో మనిషి చావడమేమిటి? ఏ విషమైనా అంత తొందరగా ఎక్కదు, ఆయ్!" అని డాక్టరుగారు. పాము తాడుమీంచి దిగడమంటే సరే గాని మళ్ళీ ఎక్కడమెలాగని పిల్లలు. బీబీసీ వాళ్ళు 2010 నించి తీసిన కొత్త షెర్లాక్ ముందు ఇది నత్తనడక అని మా మేనల్లుడు. హెలెన్ గౌను కుట్టు ఎంత బావుందోనని వదినగారి చెల్లెలు. "డాక్టరే హంతకుడని నేను పదో నిమిషంలోనే చెప్పానా లేదా?" అని మావారు మూడుసార్లు. ఆయన చెప్పినమాట నిజమే. అతను తప్ప ఆ ఇంట్లో ఇంకెవరున్నారు గనక!

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. పాము గురించి మావాళ్ళన్నవన్నీ దాదాపు సరైనవే. కథలో చెప్పిన జాతి పాము మన దేశంలోనే కాదు, ఎక్కడా లేదు. పాలు పాము ఆహారం కాదు. పాము మరీ పూర్తి చెవిటిది కాదని ఈమధ్య శాస్త్రజ్ఞులంటున్నారు గాని, ఈలకి పలికే కుక్కపిల్ల మాత్రం కాదు. అయితే డాయిల్‌ని మరీ వెర్రివాణ్ణి చెయ్యక్కర్లేదు. కట్లపాము రాత్రిపూట ఇళ్ళలోకి వస్తుంది, నిద్రపోతున్నవాళ్ళని కాటేస్తుంది, కాటు గుర్తు చాలాసార్లు కనపడను కూడా కనపడదు. ఇది డాక్టరుగారే ఒప్పుకున్నారు. కనక జూలియా ఒంటిమీద గాటు ఎవరికీ దొరక్కపోవడం అంత నమ్మలేని మాటేం కాదు.

ఇంకో తమాషా చెప్పాలి. ఇదే కథని డాయిల్ 1910లో లండన్‌లో నాటకం వేయించాడు. నిజం పామునే, కొండచిలువ జాతిదాన్ని, తెచ్చి స్టేజి ఎక్కించాడు. ఆ పాముని చూసుకుని మురిసిపోయాడట. తీరా పత్రికలో ఒక విమర్శకుడు, అది ఉత్త బొమ్మపామని చూడగానే తెలిసిపోతోందని రాశాడు. ఆ మాటకి ఎంత ఒళ్ళు మండిందో డాయిల్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. అంటే ఈ జబ్బు మా ఊరిది కాదు. నూట పదిహేనేళ్ళ కిందట లండన్‌లో కూడా అందరి కళ్ళూ పాము మీదే.

అసలు హోమ్స్ ఏం చూశాడో చెప్పండి. కథలో హెలెన్ వచ్చి వెళ్ళాక, ఆ డాక్టరు వచ్చి బెదిరించి ఇనప చువ్వ వంచి వెళ్ళాక, హోమ్స్ మొదట చేసిన పనేమిటి? భూతద్దం పట్టుకుని పాము కోసం వెతకలేదు. ఆ ఊరు వెళ్ళకముందే, ఆ గది చూడకముందే, తిన్నగా రికార్డుల ఆఫీసుకి వెళ్ళి హెలెన్ తల్లి రాసిన విల్లు చదివాడు. లెక్కలు కాగితం మీద రాసుకొచ్చాడు. తల్లి పోయేనాటికి ఆస్తి మీద ఏడాదికి సుమారు 1100 పౌన్ల రాబడి. పంటల ధరలు పడిపోయి అది 750కి దిగింది. పెళ్ళయితే ఒక్కో కూతురికి ఏటా 250 ఇచ్చుకోవాలి. మన ఇంటి పద్దులాగే వెయ్యండి. ఇద్దరికీ పెళ్ళిళ్ళయితే 750లో 500 పోయి డాక్టరుగారికి మిగిలేది 250. ఒక్క పిల్ల పెళ్ళయినా ఆయన కుంటినడకే.

హత్య అక్కడే అయిపోయింది, ఆ తీసివేత లెక్కలో! పాము తరవాత వచ్చింది. పాము దొరక్కపోతే విషం, విషం దొరక్కపోతే మెట్లు, నుయ్యి, ఏదో ఒకటి. డిటెక్టివుకి తెలిసిన ఈ సంగతి లెక్కల మాస్టారికి కూడా తట్టలేదంటే నాకు మండదూ? నేను ఆ అంకెలు చదివి వినిపించాను కూడాను. "ఊఁ, ఊఁ, తరవాత?" అన్నారు. తరవాత పాము వస్తుంది కదా మరి!

ఇంకోటి. హెలెన్ రాగానే హోమ్స్ ఆమె కోటు చేతి మీద బురద చుక్కలు చూసి, గుర్రబ్బండిలో ఎడమవైపు కూర్చుని వచ్చావంటాడు. మా హాలంతా "అబ్బ, ఏం బుర్రండీ!" అంది. కాసేపటికి అదే హోమ్స్ ఆమె చేతి కుచ్చు పైకి తీసి మణికట్టు చూస్తాడు. అక్కడ నాలుగు వేళ్ళూ బొటనవేలూ కమిలిన గుర్తులు. నిన్ను బాధపెట్టారంటాడు. ఆమె ఎర్రబడి, కప్పుకుని, ఆయన మొరటు మనిషి, తన బలం తనకి తెలీదంటుంది. నేను మా హాలు వంక చూశాను. బురద చుక్కలకి ఆహా అన్నవాళ్ళు వేలిగుర్తులకి పకోడీ అందుకుంటున్నారు. అమ్మా, ఆ జవాబు మనం ఎన్ని ఇళ్ళలో వినలేదు? "మెట్లమీద జారాను." "తలుపు తగిలింది." "ఆయన మనసు మంచిదే, కోపం ఒక్కటే." ఈ మాటల్ని తెలుగు చెయ్యడానికి నాకు ఇంగ్లీషు డిగ్రీ అక్కర్లేకపోయింది.

పెళ్ళికొడుకున్నాడు కదా, అతనితో చెప్పుకోకూడదా అని ఎదురింటి వదినగారు అడిగారు. చెప్పుకుంది వదినగారూ! అతను బెదురు పిల్ల ఊహలు అనుకున్నాడు. పైకి అనలేదు, ఊరడించి మొహం తిప్పుకున్నాడు. హెలెన్ ఆ సంగతి కూడా హోమ్స్‌కి చెబుతుంది. మన దగ్గరైతే నరాల బలహీనత అని టానిక్కు కొనిపెడతారు.

ఇక అసలైన మాటకి వస్తాను. నన్ను ఈ కలం పట్టించినది పాము కాదు, పాలు కాదు. లేచి చెంగు సర్దుకుంటూ వదినగారు అన్న మాట. "ఎంతైనా సవతి తండ్రి కనక చేశాడు గాని, కన్నతండ్రి అలా చేస్తాడా? మన ఇళ్ళల్లో ఇలాంటివి ఉండవమ్మా." అందరూ తలలూపారు. మావారూ ఊపారు.

సవతి అన్న మాట మనకి ఎంత సుఖమో చూశారా? సవతి తల్లి, సవతి తండ్రి, సవతి పోరు. పాపమంతా ఆ ఒక్క మాటకి కట్టి గోదాట్లో కలిపేసి, మనం చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవచ్చు. రాయ్‌లాట్ సవతి తండ్రి అయినందుకు పాముని పెంచలేదు. ఆడపిల్ల పెళ్ళయి గడపదాటితే డబ్బు కూడా గడపదాటుతుంది కనక పెంచాడు. ఆ కారణం కన్నతండ్రికి లేదా? అన్నకి లేదా?

మా చిన్నత్తగారు పెళ్ళి చేసుకోలేదని పైన రాశాను. మేమంతా అలాగే అంటాం, అలవాటైపోయింది. ఇప్పుడు సరిగ్గా రాస్తాను. ఆవిడకి పెళ్ళి చెయ్యలేదు.

ఆవిడ తల్లి, అంటే మావారి నాయనమ్మగారు, 1959లో పోయారు. ఆవిడకి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల కొబ్బరితోట కోటిపల్లి వైపు ఉంది. పోయేముందు కాగితం రాయించారు. తోట కూతురికి చెందాలి, పెళ్ళయి కాపురానికి వెళ్ళేదాకా తండ్రి అజమాయిషీలో ఉండాలి. ఎంత ముందుచూపు! అప్పటికి చిన్నత్తగారికి పదిహేనేళ్ళు. తరవాత పదేళ్ళలో పధ్నాలుగు సంబంధాలు వచ్చాయిట. ఒకటి జాతకం కుదరలేదు. ఒకటి దూరాభారం. ఒక పెళ్ళికొడుకు నలుపు, ఒకడు మరీ తెలుపు. ఒకరింట్లో అత్తగారు గయ్యాళి. మంచి సంబంధమేదీ ఈ ఇంటి గుమ్మం తొక్కనే లేదంటే నమ్మమంటారా? తండ్రి పోయాక అజమాయిషీ అన్నగారి చేతికి వచ్చింది. అంటే మా మావగారికి. అప్పటికి ఆవిడకి వయసు మళ్ళిందన్నారు. కోటిపల్లి తోట కాయ ఏ ఏడూ ఆగలేదు.

ఆయన సవతి తండ్రి కాదండోయ్. కన్నతండ్రే. కూతుర్ని ఒక్క దెబ్బ వేసి ఎరగరు. ఏ పామునీ వదల్లేదు. ఎందుకు వదలడం? పిల్లని ఇంట్లో ఉంచేస్తే చాలు కదా. హోమ్స్ చూసిన ఆ గదిలో మంచం నేలకి బిగించి ఉంటుందని చెప్పాను. ఎటూ కదపడానికి వీల్లేదు. తాడు కిందే ఉండాలి. నాకు ఆ మంచం చూసినప్పటినించీ మా ఇంట్లో మూలనున్న మడతమంచం వేరేగా కనిపిస్తోంది.

ఇదంతా రాస్తూ నేనేదో పక్కన నిలబడి వేలు చూపిస్తున్నాననుకోకండి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1983లో. అప్పటికి ఐదేళ్ళ ముందే పెంకుటిల్లు తీసేసి వేసిన ఈ శ్లాబు ఆ తోట రాబడే. మా అబ్బాయి ఇంజనీరింగు ఫీజులు ఆ తోట రాబడే. పాస్‌పుస్తకంలో ఇవాళ ఉన్నది మావారి పేరు. ఎలా వచ్చిందని నేను నలభయ్యేళ్ళుగా అడగలేదు. కాయల సావుకారు డబ్బు తెచ్చిన రోజున లెక్కపెట్టి బీరువాలో పెట్టింది నేనే.

చట్టాలు లేవా అంటారు. లేకేం, బోలెడు. 1956 వారసత్వ చట్టం వచ్చాక ఆడదాని ఆస్తి మీద పూర్తి హక్కు ఆవిడదే. కూతుళ్ళకి కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇస్తూ మన రాష్ట్రంలో దేశానికే ముందుగా చట్టం తెచ్చారు. అది 1985 సెప్టెంబరు 5 నించి అమలు. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి వర్తించదన్నారు. 1983లో తాళి కట్టించుకున్న నాబోటివాళ్ళు రెండేళ్ళ తేడాలో తప్పిపోయాం. 2005లో కేంద్రం చట్టం మార్చి ఆ అడ్డు తీసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత జరిగినా ఏమవుతోందో మీకు తెలుసు. రాఖీకో సంక్రాంతికో పుట్టింటికి పిలుస్తారు. పట్టుచీర పెడతారు. భోజనాలయ్యాక ఒక కాగితం తెస్తారు. "నాకేం వద్దని ఒక్క సంతకం పడెయ్యవే, మనలో మనకేమిటి" అంటారు. పెట్టకపోతే పుట్టిల్లు పోతుంది. పెడితే వాటా పోతుంది. పాము తాడుమీంచి దిగినట్టు కూడా ఉండదు, చప్పుడే ఉండదు.

డిటెక్టివు కథ కాలక్షేపానికి చూస్తాం గాని ఇంత ఆలోచిస్తామా అని మా మేనల్లుడన్నాడు. నేనూ కాలక్షేపానికే చదివాను నాయనా. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్నీ, అసిస్టెంటు రాజునీ తలగడ కింద దాచుకుని చదివిన తరం మాది. హంతకుడెవరో తెలిస్తే పుస్తకం మూసేసేవాళ్ళం. ఎందుకు చంపాడన్నది ఆఖరి రెండు పేజీల్లో ఉండేది. అన్నం చల్లారిపోతోందని అమ్మ కేకలేస్తుంటే ఆ రెండు పేజీలూ గబగబా తిప్పేసేదాన్ని. అదే మా తప్పేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక ప్లేట్లు తీస్తుంటే చిన్నత్తగారు పిలిచారు. అంతసేపు ఒక్క మాట మాట్లాడని మనిషి.

"అమ్మాయ్, ఆ పిల్లల తల్లి ఆ కాగితం రాయకుండా ఉంటే పిల్లలిద్దరూ బాగుండేవాళ్ళేమోనే."

నాకు చేతిలో ప్లేటు జారినంత పనయింది.

"అలా అంటారేమిటి అత్తయ్యగారూ? ఆవిడ పిల్లల మంచికే కదా రాసింది?"

"మంచికే. మా అమ్మా మంచికే రాసింది" అని అటు తిరిగి పడుకున్నారు. కాసేపాగి, "ఆ పిల్లకి చివరికి పెళ్ళయిందా?" అన్నారు. మర్నాడు పొద్దున్న రైల్లో పిన్నిగారింటికి చేర్చారని చెప్పాను. తల్లి చెల్లెలు, పెళ్ళికాని ఆవిడ. "ఆవిడకీ పెళ్ళి కాలేదూ?" అన్నారు. తరవాత మాట్లాడలేదు.

మర్నాడు నేను మావారినడిగాను. ఆయన చెడ్డ మనిషి కారు. మేనత్తగారికి కళ్ళ ఆపరేషను చేయించారు, మందులకి ఏనాడూ లోటు చెయ్యలేదు. "కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాం కదా, ఇప్పుడు ఈ తవ్వకాలెందుకు?" అన్నారు. రాయ్‌లాట్ కూడా హెలెన్‌కి అన్నం పెట్టాడండీ అన్నాను. పెద్దమాటే. ఆయన ఆ పూట కాఫీ తాగకుండా రేవు వైపు వెళ్ళిపోయారు. మా ఇంట్లోనూ ఇనప్పెట్టె ఉంది. అందులో పాము లేదు, కాగితాలున్నాయి. తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తు రావడం లేదని మావారు వారం రోజులుగా అంటున్నారు.

సరే, హోమ్స్ చేసిన పనే చేద్దామని అత్తగారూ నేనూ కిందటి సోమవారం రామచంద్రపురం బస్సెక్కాం. ఆడవాళ్ళకి 2025 ఆగస్టు నించి ఉచితం కదా, కండక్టరు సున్నా రూపాయల టిక్కెట్టిచ్చాడు. అత్తగారు దాన్ని నాలుగు మడతలు పెట్టి గాజుల కింద దోపుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీకి కాగితం రాసిచ్చాం. ఆ తోట మీద ఎవరు ఎప్పుడు ఎవరికి ఏం రాశారో తెలియాలి. తానెప్పుడూ ఎక్కడా సంతకం పెట్టలేదని ఆవిడంటున్నారు.

"ఏ సంవత్సరం నించి కావాలండీ?" అన్నాడు గుమాస్తా.

నేను నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పారు. "యాభై తొమ్మిది నించి."

"అంత పాతవంటే పుస్తకాల్లో వెతకాలండి మామ్మగారూ. రోజులు పడుతుంది."

"పట్టనీ నాయనా" అని ఆవిడ బెంచీ మీద కూర్చున్నారు.